తరతరాల నౌకలు – సహయాత్రికుల చెలిమి

నక్షత్రాల దూరాలను గురించి తరగతిలో పాఠం చెబుతున్న సందర్భంలో ఒక విద్యార్థిని మమ్ములను అడిగిన ప్రశ్న ఈ వ్యాసానికి మూలం. సూర్యుని విడిచిపెడితే మనకు అత్యంత సమీపంలో ఉన్న నక్షత్రం ప్రాక్సిమా సెంటారీ. అది 4.24 కాంతి సంవత్సరాల దూరంలో ఉన్నది. 1977 సెప్టెంబరు 5వ తేదీన ప్రయోగించిన వాయేజర్-1 సెకనుకు సుమారు 17 కిలోమీటర్ల వేగంతో సూర్యునికి దూరంగా సాగిపోతున్నది. అదే వేగంతో ఒక నౌక ప్రాక్సిమా దిశగా బయలుదేరితే గమ్యం చేరడానికి ఎంతకాలం పడుతుందో లెక్క కట్టమని విద్యార్థులకు చెప్పినాము. సుమారు 75,000 సంవత్సరాలని తేలినది. వేగాన్ని నూరు రెట్లు పెంచినా 750 సంవత్సరాలు. తరానికి పాతికేళ్ల చొప్పున ముప్పై తరాలు. అంతకాలం ఏ మనిషీ జీవించడు గనుక, నౌకలోనే పుట్టి, నౌకలోనే పెరిగి, పెండ్లాడి, బిడ్డలను కని, నౌకలోనే కన్నుమూసే మానవ పరంపర ఒకటి అవసరమవుతుందనీ, అటువంటి దానిని విజ్ఞాన కల్పనా రచయితలు తరాల నౌక అని పిలుస్తారనీ వివరించినాము.

అప్పుడు ఆ విద్యార్థిని లేచి, "సార్, బయలుదేరినవాళ్లు ఇష్టపడి బయలుదేరినారు. చేరినవాళ్లకు కొత్తలోకం దక్కుతుంది. మధ్యలో పుట్టి మధ్యలోనే పోయేవాళ్ల మాటేమిటి? వాళ్లను ఎవరు అడిగినారు?" అన్నది. ఇంతలో గంట మ్రోగినది. గంట మ్రోగినందుకు మేము లోలోపల సంతోషించినామని ఇక్కడ ఒప్పుకొనడంలో తప్పులేదు.

ఆ ప్రశ్నకు భౌతికశాస్త్రంలో సమాధానం లేదు. అయితే 1960, 1970 దశకాలలో అమెరికా, బ్రిటన్, కెనడా దేశాల టెలివిజన్‌లో ప్రసారమైన కొన్ని విజ్ఞాన కల్పనా ధారావాహికలు ఇదే ప్రశ్న చుట్టూ తిరిగినవి. వాటిని 'పిల్లల కథలు' అని మా సహాధ్యాపకులు కొందరు తేలికగా తీసివేసినారు. పిల్లల కథలే కావచ్చును. కాని వాటిలో రెండు రకాల నౌకలు ఎదురెదురుగా నిలిచి కనిపిస్తాయి. ఒకదానిలో ఉన్నవారు కోరి వచ్చి, కలిసి పనిచేస్తూ మిత్రులైనవారు. రెండవదానిలో ఉన్నవారు పుట్టుకచేత అక్కడ ఉన్నవారు. ఉర్దూలో ముసాఫిర్, హమ్‌సఫర్ అని రెండు మాటలున్నవి. మొదటిది తెలుగులోనికి 'ముసాఫిరు'గా ఏనాడో వచ్చినది. ప్రయాణంలో ఉన్న ప్రతివాడూ ముసాఫిరే. ప్రయాణంలో తోడు నిలిచినవాడు మాత్రమే హమ్‌సఫర్, అనగా మన సహయాత్రికుడు. ఈ రెండు మాటల మధ్య ఉన్న దూరమే మా పరిశీలనకు విషయం.

తరాల నౌక అనే ఊహ టెలివిజన్ కంటె పాతది. రోదసీ యాత్రా శాస్త్రానికి ఆద్యులలో ఒకరైన రష్యన్ శాస్త్రజ్ఞుడు ట్సియోల్కోవ్‌స్కీ 1928లోనే, వేల సంవత్సరాలు ప్రయాణించే నౌకలో మానవజాతి ఇతర సూర్యుల వద్దకు పోవచ్చునని ఊహించినాడు. మరుసటి ఏడాది, 1929లో, బ్రిటిష్ శాస్త్రజ్ఞుడు జె.డి. బెర్నాల్ డొల్లగా ఉండే గోళాకారపు కృత్రిమ లోకాలను ప్రతిపాదించినాడు. 1940లో డాన్ విల్‌కాక్స్ అనే రచయిత ఆరువందల ఏండ్ల ప్రయాణాన్ని కథగా వ్రాసినాడు. అందులో ఒక ఆచార్యుడు నూరేండ్లకు ఒకసారి దీర్ఘనిద్ర నుండి మేల్కొని, నౌకలోని వారు తమ పూర్వుల సంకల్పాన్ని మరచిపోకుండా చూడవలసి ఉంటుంది. మేల్కొన్న ప్రతిసారీ ఆయనకు మరింత దిగజారిన సమాజమే ఎదురవుతుంది. చివరకు గమ్యం చేరేసరికి, వెనుక బయలుదేరినా వేగవంతమైన నౌకలలో వచ్చినవారు అక్కడ అప్పటికే కాపురముంటున్నారు! ఆరువందల ఏండ్ల శ్రమకు లభించిన స్వాగతం అది.

1941లో రాబర్ట్ హైన్‌లైన్ వ్రాసిన రెండు కథలు ఈ శాఖకు పునాదిరాళ్లు. అవి 1963లో ఒకే గ్రంథంగా వెలువడినవి. ఆ నౌకలో ఏనాడో తిరుగుబాటు జరిగి, నడపగలిగినవారు నశించినారు. మిగిలినవారి సంతతికి నౌకే విశ్వం. దాని వెలుపల ఏమైనా ఉండవచ్చునన్న ఊహ కూడ వారికి రాదు. పూర్వుల భౌతికశాస్త్ర గ్రంథాలు వారికి పవిత్ర గ్రంథాలైనవి. గురుత్వాకర్షణ సూత్రం వారి పండితుల వ్యాఖ్యానంలో ప్రేమను గురించిన ఒక రూపకం. రెండు వస్తువులు పరస్పరం ఆకర్షించుకుంటాయనీ, దూరం పెరిగినకొద్దీ ఆకర్షణ తగ్గుతుందనీ చెప్పితే అంతకంటె ఏమని అర్థం చేసుకోగలరు? మా విద్యార్థులలో కొందరు పరీక్షల ముందు అదే సూత్రాన్ని వల్లెవేసే తీరు చూసినప్పుడు ఆ పండితులు మాకు తరచు గుర్తుకు వస్తూ ఉంటారు.

ఆ కథలో గమనింపదగిన విషయం ఒకటున్నది. కథానాయకుడు హ్యూ హోయ్‌లాండ్‌కు నక్షత్రాలను చూపించినది అతని గురువులు కారు. తనవారందరూ రాక్షసులని అసహ్యించుకునే పై అంతస్తుల వికృతజనులలోని ఒక రెండుతలల మనిషి అతనిని బందీగా పట్టుకుని, క్రమంగా ఆదరించి, ఒకనాడు కిటికీ వద్దకు తీసుకుపోయినాడు. తనవారు నేర్పలేనిదానిని పరాయివాడు నేర్పినాడు. తరువాత వచ్చిన టెలివిజన్ కథలలో ఈ సన్నివేశం రకరకాల వేషాలలో తిరిగి తిరిగి వస్తుంది.

ఇక టెలివిజన్. అమెరికాలో ఎన్.బి.సి. సంస్థ 1966 సెప్టెంబరు 8న 'స్టార్ ట్రెక్' ప్రసారాన్ని ప్రారంభించినది. 1969 జూన్ 3తో ముగిసేలోపుగా 79 కథలు వెలువడినవి. రూపకర్త జీన్ రాడెన్‌బెరీ. ఎంటర్‌ప్రైజ్ అనే నౌక, అందులో 430 మంది, అయిదేండ్ల యాత్ర. ఇది తరాల నౌక కాదు. కాంతిని మించిన వేగంతో పోగలదని కల్పన చేసికొన్నందువల్ల తరాల అవసరం అక్కడ లేదు. ఈ వేగం భౌతికశాస్త్ర అధ్యాపకులకు మింగుడుపడే విషయం కాదు; అయినను కథకొరకు మింగవలసియున్నది.

ఆ నౌక వంతెన మీద కూర్చున్నవారిని చూడండి. సందేశాల అధికారిణి ఉహూరా ఆఫ్రికా వనిత. ఆమె పేరు స్వాహిలీ భాషలో స్వాతంత్ర్యమనే అర్థమిచ్చే 'ఉహురు' అనే మాటనుండి వచ్చినది. ఆ పాత్ర ధరించిన నిషెల్ నికల్స్ మొదటి సంవత్సరం చివర మానివేయదలచగా, మార్టిన్ లూథర్ కింగ్ స్వయంగా ఆమెను వారించినారట. ఈ సంగతి ఆమె తన జీవితకాలంలో అనేక పర్యాయాలు చెప్పినారు. సూలూ పాత్రధారి జార్జ్ టకాయ్ జపాన్ సంతతికి చెందిన అమెరికన్. రెండవ ప్రపంచయుద్ధ కాలంలో, పసితనంలో, తల్లిదండ్రులతోపాటు తన సొంత దేశపు నిర్బంధ శిబిరాలలో గడిపినవాడు. 1967లో వచ్చి చేరిన చెకోవ్ రష్యన్ యువకుడు. అప్పుడు రష్యా, అమెరికాల మధ్య ప్రచ్ఛన్నయుద్ధం సాగుతున్నది. పాతిక సంవత్సరాల క్రిందటి శత్రువునూ, ఆనాటి శత్రువునూ ఒకే వరుసలో కూర్చోబెట్టి, ఎవరి పని వారు చేసుకుంటుండగా చూపినారు. వారి జాతిని గురించి ఉపన్యాసమేదీ పెద్దగా లేదు. ఉపన్యాసం లేకపోవడమే బాగున్నది.

ఆ నౌక మీది స్నేహాలలో ముఖ్యమైనది ముగ్గురిది: నాయకుడు కిర్క్, వైద్యుడు మెక్కాయ్, సగం వల్కన్ జాతికీ సగం మానవజాతికీ చెందిన స్పాక్. ఉద్వేగాలను అణచుకొనడం వల్కన్ల ధర్మం. ఉద్వేగం లేని మనిషిని చూస్తే మెక్కాయ్‌కి ఒళ్లుమండుతుంది. వారిద్దరూ కలహించని రోజు లేదు. 1967 సెప్టెంబరులో ప్రసారమైన 'అమోక్ టైమ్' అనే కథ, ఇది థియొడొర్ స్టర్జన్ రచన, ఈ స్నేహానికి మంచి ఉదాహరణ. స్పాక్ స్వగ్రహం చేరకపోతే మరణించే స్థితి ఏర్పడుతుంది. పై అధికారుల ఆజ్ఞను ధిక్కరించి కిర్క్ నౌకను అటు మళ్లిస్తాడు. స్వగ్రహంలో జరిగే కార్యానికి వరుడు తన ఆప్తమిత్రులను తోడు తీసుకుపోవడం అక్కడి ఆచారం. స్పాక్ కిర్క్‌ను పిలుస్తాడు. తరువాత, నిత్యం తనతో జగడమాడే మెక్కాయ్‌ని కూడ పిలుస్తాడు. మెక్కాయ్ ముఖంలో ఆశ్చర్యం చూడదగినది. అక్కడి విధి వక్రించి స్పాక్, కిర్క్‌లు ప్రాణాంతకంగా పోరవలసి వచ్చినప్పుడు, మెక్కాయ్ ఒక మందుతో కిర్క్‌ను చనిపోయినవానివలె కనబడేటట్లు చేసి ఇద్దరినీ రక్షిస్తాడు. మిత్రుని చంపినానని తలచి శిక్షకు సిద్ధపడి వచ్చిన స్పాక్, ఎదుట సజీవంగా నిలిచిన కిర్క్‌ను చూసి పట్టరాని సంతోషంతో నవ్వుతాడు, వెంటనే సర్దుకుంటాడు. మెక్కాయ్ మాత్రం చూడనే చూసినాడు.

ఎంటర్‌ప్రైజ్ స్నేహాలలో అడుగున ఉన్న సూత్రం ఇదేనని మాకు తోస్తున్నది: 'కాదు' అని ఎదుటివాడు చెప్పగలగాలి. కిర్క్ నాయకుడే, కాని స్పాక్ తర్కంతో అడ్డుపడతాడు, మెక్కాయ్ మనస్సాక్షితో అడ్డుపడతాడు. ఇద్దరి మాటా విన్న తరువాతనే అతని నిర్ణయం. ఇటువంటి నౌక ఒకటి ఒక తరాల నౌకకు ఎదురైనప్పుడు ఏమి జరుగుతుంది? 1968 నవంబరు 8న ప్రసారమైన కథలో ఇదే జరిగినది. ఆ కథ పేరును తెలుగులో చెప్పవలసివస్తే, 'లోకం డొల్ల, నేను ఆకాశాన్ని తాకినాను' అనవలసి ఉంటుంది.

కథా ప్రారంభంలోనే మెక్కాయ్ తన రోగాన్ని తానే కనుగొంటాడు. రక్తానికి సంబంధించిన, మందులేని వ్యాధి. మిగిలినది ఒక సంవత్సరం. ఈ సంగతి నాయకునికి మాత్రమే తెలియాలని అతని కోరిక. ఇంతలో ఒక గ్రహశకలం, జనసమృద్ధమైన డారన్ ఫైవ్ అనే గ్రహాన్ని ఢీకొనే మార్గంలో పోతున్నట్లు తెలుస్తుంది. పరిశీలింపగా అది రాయి కాదు. రాయివలె కనిపించే నౌక. దాని పేరు యొనాడా. పదివేల సంవత్సరాల క్రిందట ఫాబ్రినీ అనే జాతివారు తమ సూర్యుడు విస్ఫోటనం చెందబోతున్నాడని గ్రహించి, కొందరినైనా కాపాడుకోవడానికి నిర్మించినది. లోపల కొండలు, నేల, ఆకాశం. లోపలివారికి అది నౌక అని తెలియదు. వారిని పాలించేది 'ఓరకిల్' అనే యంత్రం. ప్రతివాని కణతలోపల ఆజ్ఞాపాలన సాధనమొకటి అమర్చబడి ఉంటుంది. నిషిద్ధమైనదానిని మాట్లాడినా ఆ సాధనం శిక్షిస్తుంది.

ముగ్గురు మిత్రులూ అక్కడకు చేరి బందీలైన సమయంలో ఒక ముదుసలి వారివద్దకు వస్తాడు. తాను చిన్నతనంలో, కూడదన్నా వినక, కొండ ఎక్కినాననీ, అక్కడ ఆకాశం చేతికి తగిలినదనీ చెబుతాడు. చెబుతుండగానే కణతలోని సాధనం ఎర్రబారి, అతడు నేలకొరిగి మరణిస్తాడు. ఈ పాత్ర తెరమీద కనిపించేది కొద్ది నిమిషాలు మాత్రమే. మమ్ములను ఎక్కువకాలం వెంటాడినది మాత్రం ఇతడే. ఒక సత్యాన్ని ఇంచుమించు జీవితకాలమంతా మోసి, చివరకు ముక్కూముఖమూ తెలియని కొత్తవారికి చెప్పి ప్రాణం విడిచినాడు. యొనాడాలో బంధువులున్నారు, పెద్దలున్నారు, పూజారిణి ఉన్నది. మాట చెప్పుకోదగిన మిత్రుడు లేడు. ఉండడానికి వీలులేని విధంగా యంత్రం ప్రతి కణతలోనూ కాపురమున్నది.

దీనికి ప్రక్కనే మరొక చిన్న సన్నివేశం. ఓరకిల్ శిక్షకు స్పృహ తప్పిన మెక్కాయ్ చాలాసేపటివరకు తేరుకొనకపోవడంతో, కిర్క్ అతని వ్యాధి రహస్యాన్ని స్పాక్‌కు చెప్పవలసి వస్తుంది. మెక్కాయ్ కన్ను తెరిచేసరికి, నిత్యం వాదించే స్పాక్ చేయి తన భుజం మీద ఉన్నది. ఆ చేయి చూసే రోగికి అర్థమవుతుంది, ఇతనికి తెలిసినదని. మాట ఒక్కటీ అవసరం లేకపోయినది. ముదుసలి రహస్యం చెప్పి చనిపోయిన నౌకలోనే, ఒక రహస్యం చెప్పకుండానే పంచుకోబడినది. ఈ రెండు సన్నివేశాలనూ రచయిత బుద్ధిపూర్వకంగా జతచేసినాడో లేదో మేము చెప్పలేము. జత మాత్రం కుదిరినది.

తరువాతి కథ వేగంగా సాగుతుంది, మా అభిప్రాయంలో కొంత అతివేగంగా. యొనాడా పూజారిణి నటీరా మెక్కాయ్‌ని ప్రేమిస్తుంది. ఏడాది ఆయువు మాత్రమే మిగిలినదని తెలిసి కూడ అతనిని కోరుకుంటుంది. అతడు అక్కడనే ఉండిపోవడానికి నిశ్చయించి, తన కణతలో సాధనాన్ని అమర్చుకొనడానికి కూడ అంగీకరిస్తాడు. మిత్రులు నౌకకు తిరిగిపోతారు. యొనాడాలో ఒక గ్రంథమున్నది. గమ్యం చేరేవరకు దానిని తెరువరాదని నిషేధం. నౌకను నడిపే విధానం అందులోనే ఉన్నది! దారి తప్పితే సరిదిద్దవలసిన పుస్తకాన్ని దారి ముగిసిన తరువాత చదవమన్నారు. ఆ గ్రంథం సంగతిని మెక్కాయ్ దూరసాధనం ద్వారా కిర్క్‌కు తెలుపబోగా సాధనం అతనిని పడగొడుతుంది. మిత్రులు తిరిగివచ్చి, సాధనాన్ని తొలగించి, నటీరాకు నిజం చెప్పి, గ్రంథం సాయంతో యంత్రభాగాలను చేరి నౌక మార్గాన్ని సరిచేస్తారు. ఫాబ్రినీల వైద్య విజ్ఞానంలోనే మెక్కాయ్ వ్యాధికి మందు కూడ లభిస్తుంది. ఈ మందు దొరికిన తీరు వానకోసం ఎదురుచూస్తున్నవానికి గొడుగు అమ్మేవాడు కూడ అప్పుడే వచ్చినట్లున్నది. కాని వారం వారం నడిచే ధారావాహికలో వైద్యుని చంపుకొనే స్తోమత నిర్మాతలకు ఉండదు గదా.

ఇక్కడినుండి కెనడాకు పోదాము. 1967లో 'స్టార్ ట్రెక్'కు అందరూ మెచ్చిన ఒక కథ వ్రాసిన హార్లన్ ఎల్లిసన్, 1973లో తరాల నౌకనే ప్రధాన విషయంగా చేసి 'ది స్టార్‌లాస్ట్' అనే ధారావాహికను రూపొందించినాడు. భూమి నశించనున్న సమయంలో బయలుదేరిన ఆర్క్ అనే మహానౌకలో వేరువేరు గోళాలుగా వేరువేరు సమాజాలు. ప్రమాదం జరిగి నడిపేవారందరూ చనిపోయి శతాబ్దాలైనవి. గోళాల మధ్య ద్వారాలు మూతపడి, ఒక గోళంలోని వారికి మరొక గోళమున్నదనే సంగతి తెలియదు. నౌక ఒక నక్షత్రాన్ని ఢీకొనే దిశలో పోతున్నది.

సైప్రస్ కార్నర్స్ అనే గోళంలో వ్యవసాయం చేసుకొని బ్రతికే సంప్రదాయ సమాజం ఉన్నది. పేద యువకుడు డెవన్, రేచెల్ అనే యువతి పరస్పరం ప్రేమించుకుంటారు. పెద్దలు ఆమెను గార్త్ అనే కమ్మరికి నిశ్చయిస్తారు. డెవన్ ఆజ్ఞను ప్రశ్నించి, తరుమబడి, నిషిద్ధ ద్వారం గుండా బయటపడి, తన లోకం నౌక అని తెలుసుకుంటాడు. రేచెల్ అతనితో వెళ్తుంది. ఆమెను తిరిగి తీసుకురావడానికి గార్త్ వెంబడిస్తాడు. నిజం తెలిసిన తరువాత వారితోనే ఉండిపోతాడు. ప్రేమికులిద్దరూ, వారి మధ్యకు వచ్చిన మూడవవాడూ కలిసి నౌకను రక్షించే దారి వెదకడం, కథా కల్పనలో ఇంతకంటె ఇరుకైన స్నేహం దొరకదు. దానిని సరిగా నడిపి ఉంటే గొప్ప కృతి అయ్యేది.

నడపలేకపోయినారు. 1968 నాటి '2001' చిత్రానికి దృశ్యచమత్కారాలు సమకూర్చిన డగ్లస్ ట్రంబుల్ ఏర్పాటు చేయదలచిన నూతన ఛాయాగ్రహణ పద్ధతి సకాలంలో పనిచేయలేదు. మహానౌకను చిన్న అరంగులలో వీడియో టేపు మీద చిత్రించవలసి వచ్చినది. తన ఊహను పాడుచేసినారని ఎల్లిసన్ తన పేరు తీసివేయించి, 'కార్డ్‌వెయినర్ బర్డ్' అనే మారుపేరు వేయించినాడు. శాస్త్ర సలహాదారుగా పనిచేసిన బెన్ బోవా ఆ అనుభవాన్నంతా 1975లో హాస్య నవలగా వ్రాసినాడు. పదహారు కథలతో ధారావాహిక ఆగిపోయినది. ఆర్క్ నౌకకు దారి దొరికినదీ లేనిదీ ప్రేక్షకులకు నేటికీ తెలియదు. ఎల్లిసన్ వ్రాసిన మొదటి కథ మూలప్రతికి మాత్రం అమెరికా రచయితల సంఘం బహుమానం లభించినది.

బ్రిటన్‌లో బి.బి.సి. 1966 మార్చి నెలలో 'డాక్టర్ హూ' ధారావాహికలో 'ది ఆర్క్' అనే నాలుగు భాగాల కథను ప్రసారం చేసినది. అక్కడ ప్రయాణకాలం 700 సంవత్సరాలు. మనుషులు సంరక్షకులు, మోనాయిడ్లు అనే ఒంటికంటి మూగజాతివారు సేవకులు. సేవకులను సంరక్షకులు దూషించరు, కొట్టరు, మర్యాదగానే చూస్తారు. మిత్రులుగా మాత్రం చూడరు. ప్రయాణం ముగిసేలోపు పూర్తి చేయాలని ఒక బ్రహ్మాండమైన మానవ విగ్రహాన్ని చెక్కడం మొదలుపెట్టినారు. డాక్టర్ అతని తోటివారూ ఒకసారి వచ్చి, తాము తెచ్చిన జలుబు అంటువ్యాధిగా మారగా దానిని నయంచేసి వెళ్లిపోతారు. కాలయంత్రం వారిని తిరిగి అక్కడికే, అయితే 700 సంవత్సరాల అనంతరం, చేరుస్తుంది. విగ్రహం పూర్తయినది. దేహం మనిషిదే, తల మాత్రం మోనాయిడ్‌ది! ఆ ఒక్క దృశ్యంతో ఏడు శతాబ్దాల చరిత్రను చెప్పివేసినారు. సేవకులు యజమానులైనారు, యజమానులు సేవకులైనారు. సంబంధం మాత్రం ఏమీ మారలేదు. మనుషులను నాశనం చేయడానికి మోనాయిడ్లు ఆ విగ్రహంలోనే బాంబు దాచినారు. దానిని రోదసిలోనికి విసరివేసిన తరువాత, గమ్యస్థానమైన రెఫ్యూసిస్ గ్రహవాసులు పెట్టిన నియమం ఒక్కటే: ఉభయులూ శాంతితో జీవిస్తేనే ఇక్కడ చోటు.

1975 నాటి 'స్పేస్ 1999'లో వచ్చిన డేరియన్ల కథ ఇంకా దారుణమైనది. అక్కడ పై అంతస్తులవారు క్రింది అంతస్తులవారి శరీరాలతోనే తమ జీవితాన్ని పొడిగించుకుంటూ, వారిచేత దేవతలుగా పూజింపబడుతుంటారు. ఆ కథను ఇంతకంటె వివరించడానికి మాకు మనసు రాలేదు.

ఇవన్నీ కల్పనలు. యథార్థంలో మూసిన లోకంలో మనుషులు ఎట్లుంటారో చూచిన సందర్భం ఒకటున్నది. అమెరికాలోని అరిజోనా రాష్ట్రంలో గాజుతో నిర్మించిన 'బయోస్ఫియర్ 2' అనే మూతవేసిన ప్రపంచంలో 1991 సెప్టెంబరు 26 నుండి రెండేండ్లపాటు నలుగురు స్త్రీలు, నలుగురు పురుషులు నివసించినారు. తినే తిండి లోపలే పండించుకున్నారు. సారవంతమైన మట్టిలోని సూక్ష్మజీవులు ప్రాణవాయువును వాడుకొనగా, పుట్టిన బొగ్గుపులుసు వాయువును నిర్మాణంలోని కాంక్రీటు పీల్చుకొనడంతో, సుమారు 21 శాతం ఉండవలసిన ప్రాణవాయువు పదునాలుగున్నర శాతం ప్రాంతానికి పడిపోయి, 1993లో బయటనుండి ఎక్కించవలసి వచ్చినది. గాలి సంగతి అట్లుండగా, ఆ ఎనిమిదిమందీ నలుగురు చొప్పున రెండు వర్గాలుగా చీలి, ఒకరితో ఒకరు మాట్లాడడమే మానివేసినంతపని చేసినారు. అందరూ కోరి వచ్చినవారే, ఒకరినొకరు ఎరిగినవారే. అయినను పంట పని ఎవరూ ఆపలేదు. రెండవ వర్గంవారి ఊపిరి కూడ తమ చేతిలో ఉన్నదని ప్రతివారికీ తెలుసును. ఇందులో ఒక విచిత్రం, ఆ నిర్మాణమున్న చోటు పేరు కూడ ఓరకిల్!

దీనినిబట్టి, కోరి వచ్చినంతమాత్రాన స్నేహం నిలుస్తుందనే మాట కూడ పూర్తిగా నిజం కాదని తేలుతున్నది. టెలివిజన్ కథలు ఇక్కడ కొంత తీపి కలిపి చెప్పినవి. ఎంటర్‌ప్రైజ్ వారికి అయిదేండ్ల తరువాత ఇల్లున్నది. స్నేహం ఒక జీవితకాలపు సరుకు. కిర్క్, స్పాక్‌ల స్నేహాన్ని వారి మునిమనుమలు వారసత్వంగా పొందలేరు. తరాల నౌకకు కావలసినది తరం తరం మళ్లీ క్రొత్తగా పుట్టవలసిన స్నేహం. దానిని పుస్తకంలో వ్రాసి తాళం వేయడం కుదరదు. ఫాబ్రినీలు చేసిన పొరపాటు అదే. వారు దుర్మార్గులు కారు. బిడ్డలు తమ స్థితి తెలిసి దిగులుపడతారని జాలిపడి నిజాన్ని దాచినారని మాకు అనిపిస్తుంది. ఆ జాలి పదివేల ఏండ్లలో కణతలోని సాధనంగా మారినది.

ఇక ఆ విద్యార్థిని అడిగిన ప్రశ్న. మధ్యలో పుట్టినవారిని ఎవరు అడిగినారు? యొనాడా కథ చివరను మేము మరల పరిశీలించినాము. ఓరకిల్ శక్తి నశించినది. నటీరాకు తన లోకం నౌక అని తెలిసినది. ఆకాశం ఒక కప్పు అని తెలిసినది. మెక్కాయ్ ఆమెను తనతో రమ్మంటాడు. ఎంటర్‌ప్రైజ్ సిద్ధంగా ఉన్నది, విశ్వమంతా తెరచి ఉన్నది, యొనాడా గమ్యానికి ఇంకా ఏడాది పైచిలుకు ప్రయాణమున్నది. ఆమె వెళ్లదు. భయపడి కాదు, ఆజ్ఞకు లోబడి కాదు. నిర్మించినవారి ఉద్దేశం ఇప్పుడు తెలిసినది గనుక, తనవారిని గమ్యం చేర్చడం తన పని అని నిశ్చయించుకొని ఉండిపోతుంది. పదివేల సంవత్సరాలలో మనకు కనిపించినంతవరకు, ఆ నౌకలో ఉండడానికి తానుగా ఒప్పుకున్న మొదటి మనిషి ఆమె. అంతవరకు అందరూ ముసాఫిర్లే. ఆమెను ఎవరో అడిగినారు గనుక ఆమె జవాబు చెప్పగలిగినది. అడిగినవాడు బయటనుండి వచ్చినవాడు, ఆమెను ప్రేమించినవాడు, ఆమె 'రాను' అంటే విని తలవంచి వెళ్లిపోయినవాడు.

ఆ విద్యార్థినికి ఈ కథ చెప్పినాము. ఆమె కొంతసేపు ఆలోచించి, "మరి ఆ ముసలాయనను కూడా ముందే ఎవరైనా అడిగి ఉంటే బాగుండేది గదా సార్" అన్నది.